తోటబడి: కియాంటి కొండమీద ద్రాక్ష, పొదలకూరు పక్కన నిమ్మ

పోయిన సంచికలో ఇటలీ సంగతులు నాలుగు ముక్కలు రాశాను. మా అమ్మాయి పురుటికని ఫ్లోరెన్స్ వెళ్లి, తిరిగొచ్చే ముందు అక్టోబరులో ఒక వారం కియాంటి కొండల్లో, రద్దా అనే ఊరికి పైన, ఒక ద్రాక్షతోటలో ఉన్నాను. మా అల్లుడితో పనిచేసే అమ్మాయి పుట్టిల్లు అది. సేంద్రియ పద్ధతిలో ద్రాక్ష పండించి, ఇంటి దగ్గరే వైన్ చేసి అమ్ముకునే కుటుంబం. దాని మీద ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. ఈసారి శీర్షిక మొత్తం వాటికే. అన్నిటికన్నా ఘాటుగా ఉన్న ఉత్తరంతో మొదలుపెడతాను.

ప్రశ్న: మీదీ దూబగుంట పక్క ఊరే కదా. వైన్ తోటను మెచ్చుకోవడానికి మీకు మనసెలా ఒప్పింది? మా అమ్మ సారా ప్యాకెట్లు నడివీధిలో పోసి తగలబెట్టిన మనిషి.
– పేరు వేయొద్దన్న సోదరి, కలిగిరి

జవాబు: చెల్లెమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. 1992 సారా వ్యతిరేక ఉద్యమంలో మా అమ్మ కూడా ఆ గుంపులో ఉంది. మా నాన్న కూలి డబ్బుల్లో సగం సారా కొట్టు దగ్గరే వదిలేసి వచ్చేవాడు. రాత్రి బడిలో అక్షరాలు దిద్దిన ఆడవాళ్లు దూబగుంట రోసమ్మ వెంట కదిలారు. మిగతా ఊళ్లూ అందుకున్నాయి. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా ఆగింది. ఆ నెల మా అమ్మ మొదటిసారి బియ్యం బస్తా లెక్కన కొనింది. అంతకుముందు ఏ పూటకా పూట కొలిపించుకొచ్చేది. అది నేను మరిచిపోయే సంగతి కాదు.

కాబట్టి సూటిగానే చెబుతాను. నేను అక్కడ వైన్ ముట్టలేదు. సీసా మీద సేంద్రియం అని రాసినంత మాత్రాన మత్తు తగ్గదు. నూటికి 13, 14 పాళ్లు ఆల్కహాలే. ఇంత వరకు తాగితే ఆరోగ్యానికి ప్రమాదం లేదు అనే హద్దే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో తేల్చి చెప్పింది. కల్తీ బాధ వాళ్లూ పడ్డారు. 1986లో ఇటలీలో వైన్‌లో మిథనాల్ కలిపి అమ్మితే 20 మందికి పైగా చచ్చిపోయారు, కొందరికి చూపు పోయింది. ఆ ఇంటి పెద్దావిడ ఆ మాట చెబుతూ చేతిలో పని ఆపేసింది. అప్పటిదాకా పంట మొత్తం వ్యాపారి ట్యాంకరుకు పోసేవాళ్లట. ఎవరి సరుకు ఎందులో కలుస్తుందో తెలియని ఆ అమ్మకం వద్దని, మన సీసా మన పేరుతోనే పోవాలని ఆ ఏడే అనుకున్నారట.

నాకు నచ్చింది వాళ్ల సేద్యం. దాని గురించి రాయకుండా ఉండలేకపోయాను. మీ అమ్మగారికి నా నమస్కారాలు చెప్పండి.

ప్రశ్న: మందు లేకుండా ద్రాక్ష ఎట్లా నిలుస్తుందమ్మా? నాకు మూడెకరాల నిమ్మ ఉంది. గజ్జి తెగులుతో చస్తున్నాను. సేంద్రియం అంటే భయంగా ఉంది.
– నిమ్మరైతు, పొదలకూరు

జవాబు: అన్నా, నేను ఆ తోటలో అడుగుపెట్టగానే చూసింది ఆకుల మీద మరకల్ని. నీలం కలిసిన పాల రంగు. మా ఆయన పిచికారీ చొక్కా మీద ఏళ్ల తరబడి ఉతికినా పోని రంగు అదే. మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్), సున్నం. మనం నిమ్మకు కొట్టే బోర్డో మిశ్రమమే!

అది పుట్టిందే ద్రాక్షతోటలో. ఫ్రాన్స్‌లో బోర్డో ప్రాంతం రైతులు బాట పక్క తీగల మీద దొంగలు కాయ తినకుండా ఆ నీలం నీళ్లు చల్లేవాళ్లు. ఆ తీగలకే బూజు తెగులు రాకపోవడం మిలార్దే అనే శాస్త్రవేత్త గమనించి, 1885లో లోకానికి చెప్పాడు. సేంద్రియంలో ఇప్పటికీ దానికి అనుమతి ఉంది. అందుకే, అసలు మందే కొట్టరనుకోవద్దు. బూజుకు రాగి, బూడిద తెగులుకు గంధకం కొడతారు. అయితే రాగికి లెక్క ఉంది. హెక్టారుకు ఏడేళ్లలో 28 కిలోల రాగి దాటకూడదని యూరప్ నిబంధన. సగటున ఏడాదికి 4 కిలోలు. మైలుతుత్తంలో నాలుగో వంతే రాగి కాబట్టి మన లెక్కలో ఎకరాకు ఏడాదికి ఆరున్నర కిలోల మైలుతుత్తం. ఒక శాతం మిశ్రమం చేస్తే 650 లీటర్లు. మా తోటలో చెట్లు బాగా తడవాలంటే ఎకరాకు ఒక్క విడతకే అయిదారు వందల లీటర్లు పడుతుంది. మేం ఏడాదికి ఎన్ని విడతలు కొడుతున్నామో తలుచుకుని ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. రాగి నేలలో కరిగిపోదు, ఏటికేడు పేరుకుంటుంది. వానపాములకు అది మంచిది కాదు.

మరి వాళ్లు అంత తక్కువతో ఎట్లా గట్టెక్కుతున్నారంటే, సగం పని కొండే చేస్తుంది. ఎత్తు మీద గాలి ఆడుతుంది, ఆకు తొందరగా ఆరుతుంది. మిగతా సగం చేతిపని. గుత్తి చుట్టూ ఆకు గిల్లేస్తారు. పొద్దున ఎండ తగిలే వైపు ఎక్కువ, పడమటి వైపు తక్కువ. సాలు విడిచి సాలులో చలికాలం ముందు బఠాణీ జాతి చిక్కుళ్లు చల్లి, పూత మీద కోసి నేలలో కలిపేస్తారు. మనం పిల్లిపెసర, జీలుగ దున్నినట్టే. కాయ తొలిచే పురుగుకు మన లింగాకర్షక బుట్టల లాంటిదే ఇంకో ఉపాయం. ఆడ పురుగు వాసన వదిలే చిన్న తీగముక్కలు తోటంతా కడతారు. గాలి నిండా ఆ వాసనే ఉంటే మగ పురుగుకు జత దొరకదు.

మీ నిమ్మకు నా మాట ఇది. మూడెకరాలూ ఒక్కసారి మార్చొద్దు, ఒక ఎకరంతో మొదలుపెట్టండి. వానలకు ముందే గజ్జి పట్టిన కొమ్మలు కత్తిరించి కాల్చేయండి. చిగురు వచ్చినప్పుడు ఆకు తొలిచే పురుగును చూసుకోండి, అది చేసిన గాయాల్లోంచే గజ్జి ఎక్కువ పాకుతుంది. వంద లీటర్లకు అయిదు కిలోల వేపగింజల కషాయం కొట్టండి. మైలుతుత్తం ఎంత వాడారో ఒక నోటుబుక్కులో రాసిపెట్టుకోండి. సర్టిఫికెట్ కావాలంటే పండ్లతోటకు మూడేళ్లు పడుతుంది, అక్కడా అంతే, మన దేశంలోనూ అంతే. ఆ మూడేళ్లూ ఖర్చు సేంద్రియానిది, ధర మామూలు సరుకుది. మీ టెన్షన్ ఉత్త భయం కాదు, ఆ కుటుంబం కూడా అప్పు చేసి ఈదింది. ఇటలీ నుంచి వచ్చాక నేను మార్కెట్‌కు పట్టుకెళ్లిన బస్తాల్లో మంచి కాయకు కూడా తరుగు తీసేశారు. ఎవరి తోటదో అడిగిన వాళ్లు లేరు. ఆ పూట ఆ కొండ ఇల్లు గుర్తొచ్చి చాలా బాధనిపించింది.

ప్రశ్న: మా కనిగిరి రాతి నేలల్లో అట్లాంటి ద్రాక్ష వేయొచ్చా?
– డిగ్రీ విద్యార్థి

జవాబు: వద్దు నాయనా. రాయి కలుస్తుంది గాని వాతావరణం కలవదు. అక్కడి నేలలో పొరలు పొరలుగా విడిపోయే రాయి ఉంది. చేత్తో నలిపితే మార్కాపురం పలకరాయి గుర్తొచ్చింది. కానీ ఆ తీగ చలికాలం ఆకు రాల్చి మూడు నెలలు నిద్రపోవాలి. మన వేడికి తీగ నిద్రపోదు, అందుకే మన వైపు ద్రాక్షకు ఏడాదికి రెండుసార్లు కత్తిరింపు చేస్తారు. వాళ్ల సాంజోవేసే రకం పగలు ఎండ, రాత్రి చలి ఉంటేనే పులుపు నిలుపుకుంటుంది. మీ నేలలో ఏం బాగా కాస్తుందో మీ తాతను అడగండి.

ప్రశ్న: పిల్లలు పట్నాలకు పోకుండా ఆ కుటుంబం అక్కడే ఎలా నిలిచింది?
– రిటైర్డ్ ఉపాధ్యాయుడు, ఒంగోలు

జవాబు: మాస్టారూ, పోయారు. ఒక తరం దాదాపు మొత్తం పోయింది. ఆ కొండల్లో వందల ఏళ్లు మెజ్జాద్రియా అని సగపాలు సేద్యం నడిచింది. భూమి దొరది, చాకిరీ కాపుది, పంట చెరిసగం. మన కోరు లాంటిదే. 1964లో కొత్త సగపాలు ఒప్పందాలు చేయకూడదని చట్టం వచ్చింది. అప్పటికే జనం ఫ్యాక్టరీలకు దిగిపోతున్నారు. ఇళ్లు పాడుబడ్డాయి, మళ్లకు కట్టిన రాతిగోడలు కూలాయి. పెద్దావిడ మామగారు ఆ పొలంలోనే సగపాలు కాపు. అందరూ పోయాక చవగ్గా వచ్చిందని దొర దగ్గర అదే పొలం కొన్నాడు.

ఆ గోడల గురించి ఒక మాట. సున్నం, సిమెంటు ఏమీ లేకుండా రాయి మీద రాయి ఎక్కించి కడతారు. వాన నీళ్లు సందుల్లోంచి దిగిపోతాయి, గోడ ఉబ్బదు. ఉదయగిరి వైపు చేల గట్లకు మనవాళ్లు పేర్చిన రాళ్లు చూసిన వాళ్లకు వెంటనే అర్థమవుతుంది. ఆ పనితనాన్ని 2018లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చారు. నేనున్న వారంలో ఇంటి కొడుకు రెండు గజాల గోడ సరిచేశాడు. ఒక్కో రాయిని చేతిలో తిప్పి తిప్పి చూసి, అమరకపోతే పక్కన పెట్టి, మధ్యాహ్నానికి మళ్లీ అదే రాయిని ఇంకోచోట ఇమిడ్చాడు.

ఇప్పుడు కూతురు సీసాలూ అమ్మకాలూ చూస్తుంది, కొడుకు తోట. పాత ఎద్దుల కొట్టాన్ని రెండు గదులు చేసి యాత్రికులకు అద్దెకిస్తారు. రైతు తన పొలంలోనే ఇలా ఆతిథ్యం ఇచ్చుకోవడానికి ఇటలీలో 1985లోనే చట్టం చేశారు. అయితే సేద్యమే ప్రధానంగా ఉండాలి. వడగళ్లు పడిన ఏడు ఆ రెండు గదులే ఇల్లు నడిపాయట. మన తోటలకూ అలాంటి ఏర్పాటు రావాలని నా ఆశ.

ప్రశ్న: మీరు తాగనన్నప్పుడు వాళ్లు ఏమనుకున్నారు? ఏం పెట్టారు?
– గృహిణి, కావలి

జవాబు: ఏమీ అనుకోలేదమ్మా. కోతల రోజుల్లో అక్కడ ద్రాక్షపళ్లతో రొట్టె చేస్తారు. రొట్టె పిండి పరిచి, నల్లద్రాక్ష గింజలతో సహా పోసి, చక్కెర, ఆలివ్ నూనె చల్లి, పైన ఇంకో పొర కప్పి కాలుస్తారు. రసం పొంగి అంచుల్లో పాకంలా కడుతుంది. గింజలు పంటి కింద పటపటమంటాయి. నేను రెండు ముక్కలు తిన్నాను.

బదులుగా మా నిమ్మకాయ ఊరగాయ సీసా ఇచ్చాను. పెద్దావిడ మూత తీసి వాసన చూసి, మనవరాలితో అడిగించింది: ఏ ఏటిది, ఏ చెట్టుది? నిరుటి శ్రావణంలో పెట్టింది, బావి పక్క పెద్ద చెట్టుది అన్నాను. ఆవిడ తమ సీసాలకు అంటించే తెల్ల కాగితం ఒకటి తెచ్చి, దాని మీద ఏడాది వేసి, మా ఊరి పేరు నాతో రెండుసార్లు పలికించుకుని వాళ్ల లిపిలో రాసి, సీసాకు అంటించి, అలమారులో తమ సీసాల పక్కనే పెట్టింది.