ఎల్లో ప్లేటు కారు కొని యాప్‌లో నడిపితే డ్రైవరుకు గిట్టుబాటవుతుందా?

అప్పు చేసి ఎల్లో ప్లేటు కారు, అంటే టాక్సీగా రిజిస్టరైన కారు కొని యాప్‌లో పెడితే గిట్టుబాటవుతుందా, ఈ పోటీలో ప్రభుత్వ నిబంధనలు డ్రైవరును కాపాడుతున్నాయా అని మీరు అడిగారు. నేను 2017 నుంచి 2022 వరకు హైదరాబాద్‌లో సొంత డిజైర్ కారును ఒక యాప్ కంపెనీలో పెట్టి నడిపాను. ఆ అనుభవంతో చెబుతున్నాను: నిబంధనలకు కొదవ లేదు, కానీ వాటి బరువంతా బండి మీద, డ్రైవరు మీద పడుతోంది. ఛార్జీ నిర్ణయించే అధికారం మాత్రం ఆ బరువు మోయని యాప్ కంపెనీల చేతిలో ఉంది.

సొంత అవసరానికి కొన్న కారుకు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది. అదే కారుకు పసుపు ప్లేటు బిగిస్తే పర్మిట్ తీసుకోవాలి, ఎనిమిదేళ్ల వరకు రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్ (బండి కండిషన్ పరీక్ష) చేయించాలి. ఫిట్‌నెస్ గడువు దాటితే రోజుకు 50 రూపాయల అదనపు రుసుము ఉంటుంది. బండి షెడ్డులో ఉండి నెల రోజులు ఆలస్యమైతే ఆ రుసుమే 1,500 అవుతుంది. బ్యాడ్జి, అంటే రవాణా వాహనం నడపడానికి లైసెన్సు మీద విడిగా తీసుకునే అనుమతి, సంగతి మాత్రం తేలిపోయింది. 7,500 కిలోల లోపు రవాణా వాహనాలకు మామూలు ఎల్‌ఎంవీ (తేలికపాటి వాహనాల) లైసెన్సు చాలునని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరులో స్పష్టం చేసింది. సొంత వాడకానికి రిజిస్టరై, ఈ ఖర్చులేవీ లేని తెల్ల ప్లేటు బైకులు కూడా అదే యాప్‌లో మనతో పోటీ పడుతున్నాయి. వాటిని నడిపే కుర్రాళ్లను నేను తప్పుపట్టలేను, వాళ్లు కూడా పొట్టకూటి కోసమే రోడ్డెక్కారు.

2021లో ఒక రాత్రి జరిగిన సంగతి చెబుతాను. గచ్చిబౌలి నుంచి శంషాబాద్ విమానాశ్రయానికి ఒక పెద్దాయనను తీసుకెళ్లాను. దిగేటప్పుడు ఆయన తన ఫోన్‌లో చూపించిన బిల్లు 690 రూపాయలు, నా ఖాతాలో పడినవి 486. తిరుగు ట్రిప్పు కోసం పార్కింగ్‌లో వరుసలో చేరితే నా ముందు 87 బండ్లు ఉన్నాయి. మూడున్నర గంటలు సీటు వెనక్కి వాల్చుకుని పడుకున్నా నా వంతు రాలేదు, చివరికి టోలు కట్టే స్తోమత లేక ఆరాంఘర్ మీదుగా ఖాళీగా ఇంటికి వచ్చాను. రానూపోనూ 64 కిలోమీటర్ల డీజిల్ తీసేస్తే ఐదు గంటల కష్టానికి మిగిలింది దాదాపు 150 రూపాయలు. అందులోంచే కారు ఈఎంఐ, టైర్లు, బీమా అన్నీ వెళ్లాలి.

మాలో ‘డెడ్ మైలేజీ’ అని పిలుచుకునే ఈ ఖాళీ కిలోమీటర్లే అసలు సమస్య. 2025 జులైలో కేంద్రం విడుదల చేసిన అగ్రిగేటర్ (యాప్ కంపెనీల) మార్గదర్శకాలలో, సొంత బండి నడిపే డ్రైవరుకు ఛార్జీలో కనీసం 80 శాతం అందాలని, ఐదు లక్షల ఆరోగ్య బీమా, పది లక్షల టర్మ్ బీమా కల్పించాలని ఉంది. ఇది మంచి మాటే. కానీ రాష్ట్రం ప్రకటించే బేస్ (మూల) ఛార్జీలో సగం వరకు తగ్గించుకునే వెసులుబాటు కూడా అక్కడే ఉంది. కిలోమీటరుకు 20 రూపాయలని ప్రకటించారనుకోండి. యాప్ దానిని 10కి దించవచ్చు, అందులో 80 శాతమంటే డ్రైవరుకు 8 రూపాయలు. లీటరు 95 రూపాయల డీజిల్‌తో 18 కిలోమీటర్లు నడిచే బండికి కిలోమీటరుకు ఐదు రూపాయల పైచిలుకు ఖర్చవుతుంది, తిరుగు ప్రయాణం ఖాళీగా వస్తే అది పది దాటుతుంది. అంటే నిబంధనలన్నీ పాటించి కూడా కంపెనీ డ్రైవరును నష్టంలోకి నెట్టగలదు. న్యూయార్క్ నగరంలో 2019 నుంచి యాప్ డ్రైవర్లకు కనీస చెల్లింపును అమలు చేస్తున్నారు, అందులో ప్రయాణికుడు లేకుండా గడిచే సమయాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటారు. మనకు కావలసింది అలాంటి లెక్క. పోటీ ఉండవద్దని నేను అనను, మీటరు వేయని పాత రోజులలో ప్రయాణికులు పడ్డ ఇబ్బంది నాకు తెలుసు. అయితే ఆ పోటీ కంపెనీల కమీషన్లలో జరగాలి గానీ డ్రైవరు డీజిల్ డబ్బులలో కాదు.

మీరు కారు బుక్ చేయకముందు ఒక నెల రోజులు ఎవరిదైనా బండి అద్దెకు తీసుకుని నడపండి. రోజూ ఉదయం, రాత్రి ఓడోమీటరు రీడింగు రాసుకుని, అందులోంచి యాప్ చూపించిన ట్రిప్పు కిలోమీటర్లు తీసేయండి. మిగిలినవి మొత్తంలో మూడో వంతు దాటితే, ఇన్సెంటివ్ ఎంత ఊరించినా అప్పు పత్రాల మీద సంతకం పెట్టవద్దని నా మనవి.