పరుగు ఆపాక పి.టి. ఉష కోచ్‌గా ఏం చేశారు?

గచ్చిబౌలి స్టేడియంలో ప్రాక్టీసుకొచ్చే పిల్లలు నన్ను తరచూ అడిగే ప్రశ్నే ఇది. కేరళకు చెందిన ఉష, కోచ్ ఓ.ఎం. నంబియార్ దగ్గర తయారైన స్ప్రింటర్, అంటే తక్కువ దూరాల వేగపు పరుగుల క్రీడాకారిణి. 1984 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్ 400 మీటర్ల హర్డిల్స్‌లో సెకనులో నూరో వంతు తేడాతో కాంస్యం చేజారింది. తలచుకుంటే నాకు ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. రెండేళ్లకే సియోల్ ఆసియా క్రీడల్లో నాలుగు స్వర్ణాలు, ఒక రజతం.

2002లో కేరళలోనే ఉషా స్కూల్ ఆఫ్ అథ్లెటిక్స్ పెట్టారు. ఆడపిల్లల్ని చిన్న వయసులోనే ఎంపిక చేసి, అక్కడే ఉంచి శిక్షణ ఇస్తారు. ఆమె శిష్యురాలు టింటూ లూకా 2010లో 800 మీటర్లను 1 నిమిషం 59.17 సెకన్లలో పరిగెత్తి జాతీయ రికార్డు నెలకొల్పింది. స్ప్రింటర్ శిష్యురాలు 800లో రాణించడం వింతేమీ కాదు, ఆ పరుగుకూ వేగమే పునాది. టింటూ ట్రాక్ మీద మొదటి చుట్టులోనే ముందుకు దూసుకుపోయేది.