స్వాల్‌బార్డ్ వేడెక్కుతోంది, మొక్కలకు మంచిదే కదా?

ఆర్కిటిక్‌లో చలి తగ్గితే నార్వేకు చెందిన స్వాల్‌బార్డ్ దీవుల్లో మొక్కలు ఇంకా బాగా పెరగాలి కదా అని అడిగారు. వెళ్లకముందు నేనూ అలాగే అనుకున్నాను. చదువులో భాగంగా ఒక వేసవి అక్కడి స్పిట్స్‌బర్గెన్ దీవిలో, లాంగియర్‌బియెన్ అనే ఊరి చుట్టుపక్కల లోయల్లో మట్టి నమూనాలు తీశాను.

అక్కడ చెట్లుండవు. పోలార్ విల్లో అనే మొక్క వేలెడు ఎత్తు కూడా లేచేది కాదు, కొమ్మలన్నీ నాచులోనే దాక్కుని ఉంటాయి. రోజూ మా పని ఇనుప చువ్వను నేలలోకి దింపడం. ఆగస్టులో సుమారు మీటరు లోతున టక్కున ఆగిపోయేది. ఆ కింద పర్మాఫ్రాస్ట్, అంటే ఏడాది పొడవునా గడ్డకట్టే ఉండే నేల. నీళ్లు దాన్ని దాటి ఇంకవు. అందుకే అనంతపురం వానలో సగం కూడా పడని ఆ ఊళ్లో పల్లమంతా బురదే. పది అడుగులు మెరకకు నడిస్తే పొడి గులకనేల, అందులో తెల్లటి డ్రయాస్ పూలు. పక్షులు గూళ్లు కట్టే కొండల కింద మాత్రం ఒత్తైన పచ్చదనం, అంతా రెట్ట చలవ. మిగతా చోట్ల చలికి ఏదీ త్వరగా కుళ్లదు, నేలకు నత్రజని అందదు.

వేసవి వేడి కొన్ని మొక్కలకు మేలు చేస్తుంది, నిజమే. నన్ను భయపెట్టింది చలికాలం. 2012 జనవరి, ఫిబ్రవరి నెలల్లో అక్కడ దాదాపు రెండు వారాలు వాన కురిసింది. ఆ నీరు నేల మీదే గడ్డకట్టి మొక్కల్ని మంచుపలకలో బిగించేసింది. మేత అందక రెయిన్‌డీర్‌లు చచ్చిపోయాయి. అలాంటి చలికాలాల తర్వాత కాసియోపే అనే చిన్న పొద గుబుర్లు గోధుమరంగుకు తిరిగి ఎండిపోతాయి. నేను చూసిన ఒక వాలు మీద సగం గుబుర్లు అలాగే ఉన్నాయి, చేత్తో తాకితే పొడిపొడిగా రాలాయి. ఎండకు మాడిన పైరు చూస్తూ పెరిగినవాణ్ణి, వెచ్చటి వాన వల్ల చచ్చిన మొక్కను చూడటం అదే మొదలు. చాలా బాధేసింది.

హిమానీనదాలు వెనక్కి తగ్గితే కొత్త నేల దొరుకుతుందిగా అంటారు. దొరికేది రాళ్లూ సన్నటి బురదే. ముందు నల్లటి పెచ్చులా సూక్ష్మజీవుల పొర కడుతుంది, తర్వాత ఊదారంగు సాక్సిఫ్రేజ్ అనే పూల మొక్క వస్తుంది. సరైన మట్టి తయారవడానికి వందల ఏళ్లు కావాలి. వేడి అన్నాళ్లు ఆగదు.

మీరు వెళ్లే ఆలోచనలో ఉంటే, బయటి విత్తనాలు అక్కడికి చేరకుండా బూట్లు బ్రష్‌తో బాగా తోమి, ఆరబెట్టి వెళ్లండి. 2008 వేసవిలో అక్కడి విమానాశ్రయంలో 259 మంది బూట్లు పరీక్షిస్తే 1,019 విత్తనాలు బయటపడ్డాయి. స్వాల్‌బార్డ్ వేసవి లాంటి చలిలో ఉంచినా వాటిలో సుమారు నాలుగో వంతు మొలకెత్తాయి.