పెట్టె మీద ‘క్లియర్డ్’ అని ఉంటే నిద్ర పట్టేస్తుందా?

ప్రశ్న: మాది పర్లాకిమిడి, కిరాణా కొట్టు నడుపుతాను. వయసు 52. ఏడాదిగా రాత్రి రెండింటిదాకా నిద్ర పట్టడం లేదు. బెంగళూరులో ఉండే మా అబ్బాయి చెవులకు క్లిప్పులు పెట్టి సన్నగా కరెంటు పంపే మెషిన్ కొంటానంటున్నాడు. ‘ఎఫ్‌డీఏ క్లియర్డ్’ అని ఉంది నాన్నా, భయం లేదంటాడు. ఇదివరకే వాడు కొనిచ్చిన వాచీలో రోజూ డీప్ స్లీప్ తక్కువని చూపిస్తుంటే ఇంకా టెన్షన్. కొనమంటారా?
– ఒక పాఠకుడు, గజపతి జిల్లా

జవాబు: ఇప్పుడే కొనకండి. ఎఫ్‌డీఏ అంటే అమెరికాలో మందులు, వైద్య పరికరాలను చూసే ప్రభుత్వ సంస్థ. అది ‘క్లియర్డ్’ అంటే చాలాసార్లు, ఇదివరకే అమ్ముతున్న ఫలానా పరికరం లాంటిదే ఇదీ అని కంపెనీ చూపించిందని అర్థం, అంతేగాని దీంతో నిద్ర పడుతుందని కొత్తగా రుజువు చేశారని కాదు. ఈ చెవి క్లిప్పుల మీద జరిగిన అధ్యయనాలన్నీ కలిపి చూసిన సమీక్ష ఒకటి 2018లో అనల్స్ ఆఫ్ ఇంటర్నల్ మెడిసిన్ అనే వైద్య పత్రికలో వచ్చింది, నిద్రలేమికి ఇవి పనిచేస్తాయనడానికి ఆధారాలు చాలవని తేల్చింది.

మరి వాడినవాళ్లు బాగుందంటారేమిటి? ఎవరైనా మరీ నరకంగా ఉన్న వారంలోనే మెషిన్ ఆర్డర్ పెడతారు, నిద్రలేమి ఎప్పుడూ ఒకేలా ఉండదు కాబట్టి తర్వాత వారం చాలాసార్లు ఎటూ కాస్త నయంగానే ఉంటుంది, ఆ పేరు మెషిన్ కొట్టేస్తుంది. పైగా నిద్ర విషయంలో నమ్మకం బాగా పనిచేస్తుంది. అందుకే కరెంటు రాని ఉత్తుత్తి మెషిన్ కొందరికిచ్చి పోల్చారా, నిద్ర పట్టే సమయం ఎన్ని నిమిషాలు తగ్గింది అని కంపెనీని అడగమనండి మీ అబ్బాయిని. జవాబుకు బదులు కస్టమర్ల వీడియోలు పంపిస్తే, వాళ్ల దగ్గర రుజువు లేదని అర్థమైపోతుంది.

వాచీ కూడా తీసి బీరువాలో పెట్టండి. అది చూసేది కదలికనీ నాడినీ, మెదడు తరంగాలను కాదు. కదలకుండా మెలకువగా పడుకున్నా చాలాసార్లు నిద్ర కిందే రాసేస్తుంది, డీప్ స్లీప్ అంకె ఒక అంచనా మాత్రమే. ఆ అంకెల బెంగతోనే నిద్ర చెడగొట్టుకునేవాళ్లున్నారు, 2017లో అమెరికా పరిశోధకులు దానికి ఆర్థోసోమ్నియా అని పేరే పెట్టారు.

గట్టి ఆధారం ఉన్నది సీబీటీ-ఐ అనే పద్ధతికి, అంటే నిద్ర చెడగొట్టే అలవాట్లనూ ఆలోచనలనూ మార్చే చికిత్స. దీర్ఘకాలిక నిద్రలేమికి మందులకంటే ముందు దీన్నే ఇవ్వాలని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ అనే డాక్టర్ల సంఘం 2016లో చెప్పింది. అందులో కొన్ని సూత్రాలివి: నిద్ర ముంచుకొచ్చాకే మంచమెక్కాలి, ఓ ఇరవై నిమిషాలైనా పట్టకపోతే లేచి వేరే గదిలో కూర్చోవాలి, ఏ రాత్రి ఎలా గడిచినా పొద్దున ఒకే టైముకి లేవాలి, మధ్యాహ్నం కొట్టు కట్టేసి తీసే కునుకు మానాలి. మొదటి వారాల్లో పగలు తూగొస్తుంది, అప్పుడు బండి నడపకండి. మూర్ఛ గానీ, బైపోలార్ (ఉత్సాహం, దిగులు విపరీతంగా మారుతుండే మానసిక జబ్బు) గానీ ఉంటే డాక్టర్‌ను అడగకుండా మొదలుపెట్టొద్దు.

గురక ఎక్కువగా ఉందని, మధ్యలో ఊపిరి ఆగుతోందని ఇంట్లోవాళ్లు అంటుంటే మాత్రం వీటితో ఆగకుండా బరంపురమో శ్రీకాకుళమో వెళ్లి డాక్టర్‌కు చూపించుకోండి, అది స్లీప్ ఆప్నియా కావచ్చు. పేస్‌మేకర్ ఉన్నవాళ్లయితే ఆ క్లిప్పుల జోలికే పోవద్దు.