పెళ్లి కోసం కాదు, పెళ్లి ఖర్చు కోసం వెతకండి

"మా తాతమ్మ పెళ్లి ఎప్పుడు, ఎక్కడ జరిగిందో తెలియాలంటే ఏ ఆఫీసుకి వెళ్లాలి?" అని అడిగారు. ఏ ఆఫీసుకీ వెళ్లక్కర్లేదు, వెళ్లినా దొరకదు. ప్రతి పెళ్లీ రిజిస్టరు చెయ్యాలని మన రాష్ట్రంలో చట్టం వచ్చిందే 2002లో. అంతకుముందు సాక్షులంటే అగ్నిహోత్రుడు, పురోహితుడు, పప్పులో ఉప్పు లేదని అలిగిన బంధువులు. ఎవరూ సంతకాలు పెట్టలేదు. ఖర్చు మాత్రం అణాపైసలతో రాసుకున్నారు. అదే పట్టుకోవాలి.

మా నాయనమ్మ సంగతి చూడండి. ముమ్మిడివరం దగ్గర పుట్టింది. "నా పెళ్లి ఫ్రెంచివాళ్ల ఊళ్లో అయ్యిందిరా, గోదారి దాటి వెళ్లాం. పడవలో వాంతి చేసుకుంటే కొత్త పరికిణీ పాడైందని అమ్మ వీపు మీద రెండు వేసింది" అని చెప్పేది. పుట్టిన ఏడాది అడిగితే మాత్రం తెలీదు. పింఛను కాగితంలో ఉన్న వయసు ఎవరో ముఖం చూసి వేసింది. నాన్నగారేమో "అమ్మకి మతిమరుపు, ఏదో కల చెబుతోంది" అని కొట్టిపారేసేవారు. ఆవిడ పోయేదాకా మేమూ అదే అనుకున్నాం.

నాలుగేళ్ల క్రితం నాయనమ్మ పుట్టింటి పెంకుటిల్లు పడగొడుతున్నారని మామయ్య ఫోన్ చేశాడు. అటక మీద ట్రంకు పెట్టె, అందులో సగం చెదలు తిన్న చదివింపుల పుస్తకం. పెళ్లి ఖర్చు ఆడపిల్ల తండ్రిది కాబట్టి పద్దులూ అక్కడే ఉంటాయి. మీరు కూడా తాతమ్మ అత్తింట్లో వెతకొద్దు, పుట్టింట్లో వెతకండి. రాత గొలుసుకట్టు, నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. పెద్దత్తని కారెక్కించుకుని తీసుకెళ్లాను. ఆవిడకి ఎనభై దాటాయి, కళ్లజోడు కింద భూతద్దం పెట్టుకుని చదివింది.

ముందంతా చదివింపులే. ఫలానావారు అర్ధరూపాయి, ఫలానావారు రూపాయి, ఒకాయన రవికల గుడ్డ. చివరి పేజీల్లో ఖర్చులు. "మేళానికి", "విడిదింటి అద్దె" అని చదువుతూ "ఎదుర్లంక రేవులో నావకి 3-8-0" (అంటే మూడు రూపాయల ఎనిమిదణాలు) దగ్గర ఆగిపోయింది. ఎదుర్లంకకి ఎదురుగా ఏముంది? యానాం!

అప్పుడు వెలిగింది నాకు. శారదా చట్టం 1930 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. పద్నాలుగేళ్లు నిండని ఆడపిల్లకి పెళ్లి చేస్తే నెల దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జుల్మానా, లేదా రెండూ. ఆ చట్టం ఇంగ్లీషువాళ్ల ఇలాకాలోనే. యానాం ఫ్రెంచివాళ్లది. అందుకని చుట్టుపక్కల జిల్లాలవాళ్లు పిల్లల్ని పడవల్లో తీసుకెళ్లి అక్కడ మూడుముళ్లు వేయించుకొచ్చేవారు. కళ్యాణపురం అని పేరే పడిపోయింది ఆ ఊరికి.

పుస్తకం మీద తేదీ "ప్రమోదూత వైశాఖం" అని ఉంది. మా తమ్ముడు ఫోన్‌లో ఏదో యాప్ నొక్కి 1870 అన్నాడు. అంటే నాయనమ్మ నూట ముప్పై ఏళ్ల పైన బతికిందన్నమాట! సంవత్సరాల పేర్లు అరవై ఏళ్లకోసారి తిరిగొస్తాయని ఇప్పటి పిల్లలకి ఎవరూ చెప్పడం లేదు. తర్వాతి ప్రమోదూత 1930లో వచ్చింది, వైశాఖం అంటే మే నెల లెక్క. చట్టం వచ్చిన రెండు నెలల లోపే!

ఇక్కడితో ఆగకుండా, పసుపు కుంకుమల కింద నాయనమ్మకి ఇచ్చిన అర ఎకరం కొబ్బరితోట దస్తావేజు కోసం పడ్డాను. ఈసీ, అంటే ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా, ఆన్‌లైన్‌లో 1983 నుంచే వస్తుంది. పాతవాటికి రిజిస్ట్రారు ఆఫీసుకి వెళ్లాలి. అక్కడి గుమాస్తా "సర్వే నంబరు లేకుండా ఎలాగండీ" అని మూడుసార్లు తిప్పాడు. పేర్లతో చూసుకోడానికి ఇండెక్సు 1 అని వేరే పుస్తకమే ఉంటుంది. ఆ మాట ఆయనకి నేను చెప్పాల్సొచ్చింది! మీరు వెళ్తే నేరుగా "ఇండెక్సు 1" అని అడగండి, చదువుకున్నవాడే వచ్చాడనుకుంటారు.

దస్తావేజు దొరికింది. 1931 జులై. "ఫలానావారి భార్య, మైనరు, వయస్సు 10 సం॥" అని శుభ్రంగా రాశారు. చట్టానికి భయపడి గోదారి దాటిన పెద్దమనిషి, అదే సర్కారు స్టాంపు కాగితం మీద పదేళ్ల పిల్లని భార్య అని రాయించాడేమిటి? ఆ చట్టం కింద ఫిర్యాదు పెళ్లయిన ఏడాది లోపలే చెయ్యాలి. ఏడాది దాటాక కోర్టు పట్టించుకోదు. ముత్తాత పద్నాలుగు నెలలు ఆగి రిజిస్టరు చేయించాడు. యాదృచ్ఛికం అని మా తమ్ముడు అంటాడు. నేను చచ్చినా ఒప్పుకోను.

యానాంలో ఏమైనా దొరుకుతుందా అని మీరు అడగొచ్చు. అక్కడి ఫ్రెంచి రిజిస్టర్ల కోసం నేనూ కొంత తిరిగాను. ఒక్కరోజు విడిది చేసి వెళ్లిపోయినవాళ్ల పేర్లు ఎవడు రాసుకుంటాడు? మావాళ్ల ఊసే లేదు. మా మేనల్లుడు అమెరికా నుంచి ఉమ్మి పంపించే డీఎన్‌ఏ పరీక్ష ఏదో చేయించుకోమంటున్నాడు. ఉమ్మిలో ఎదుర్లంక రేవు కనబడుతుందా?

పుస్తకంలో ఇంకో పద్దు ఉంది. విడిదింటి అద్దె కిందే "యానాం చాకలికి బేడ", అంటే రెండణాలు. దేనికో రాయలేదు. పెద్దత్త ఆ గీత మీద వేలు పెట్టి, "ఇదిగోరా, పరికిణీ ఉతికించారు" అంది. ఇంకేదైనా ఉతికి ఉండొచ్చు కదత్తా అంటే, ఆ రోజంతా నాతో మాట్లాడలేదు.