పాఠ్య లక్ష్యం ఏ స్థాయిదో క్రియాపదం చూసి చెప్పొచ్చా?

క్రియ ఒక్కటే చూస్తే పప్పులో కాలేస్తారు. నేర్చుకునేటప్పటి ఆలోచనను మెట్లుగా విడగొట్టే 1956 నాటి బ్లూమ్ వర్గీకరణను 2001లో సవరించాక ఉన్నవి ఆరు మెట్లు: గుర్తుంచుకోవడం, అర్థం చేసుకోవడం, అన్వయించడం, విశ్లేషించడం, మూల్యాంకనం, సృష్టించడం. (బీఈడీలో వీటినే బట్టీ పట్టిస్తారు, అది మొదటి మెట్టే!)

మన ఫ్లోరైడ్ నీళ్ల పాఠమే చూడండి. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తగ్గించే నల్లగొండ పద్ధతిని 'వివరించు' అన్నప్పుడు పిల్లాడు నోట్సులో ఉన్నది ఉన్నట్టు దించేస్తే గుర్తుంచుకోవడమే, సొంత మాటల్లో చెప్తే అర్థం చేసుకోవడం. అదే నల్లగొండ జిల్లాలో ఫ్లోరైడ్ బాధ ఉన్న మర్రిగూడ వైపు ఊరికి ఈ పద్ధతి మేలా, పైపుల్లో వచ్చే కృష్ణా నీళ్లు మేలా, ఎందుకు అని అడిగితే మూల్యాంకనం. కానీ ఆ జవాబు మీరు క్లాసులో ముందే చెప్పేసి ఉంటే మళ్లీ కింది మెట్టే.