ఇన్సూరెన్స్ ఆపేసి ఆ డబ్బు దాచుకోవచ్చా?

ప్రశ్న: నాకు 41 ఏళ్లు. ఇంతవరకు ఒక్క క్లెయిమ్ కూడా చేయలేదు. అయినా హెల్త్ ఇన్సూరెన్స్ ప్రీమియం ఏటా పెరుగుతోంది. ఆసుపత్రులకూ కంపెనీలకూ లాభాలే ముఖ్యమైనప్పుడు నేనెందుకు కట్టాలి? పాలసీ ఆపేసి ఆ డబ్బు దాచుకోవచ్చా?

జవాబు: మీ కోపంలో న్యాయం ఉంది. పాలసీ మాత్రం ఆపకండి.

ఏ పరీక్ష కావాలో చెప్పేదీ, దానికి బిల్లు వేసేదీ చాలాసార్లు ఒకే ఆసుపత్రి. చేసిన ప్రతి పనికీ విడిగా డబ్బు వస్తున్నప్పుడు, అవసరమా కాదా అన్న అనుమానం ఉన్నచోట చేయడానికే మొగ్గు చూపుతారు. డబ్బు కట్టేది ఇన్సూరెన్స్ కంపెనీయే కదా అని మనమూ ఎందుకని అడగం. కంపెనీలు బేరమాడతాయి, కొన్ని క్లెయిములు తిరస్కరిస్తాయి. అయినా మిగిలిన భారాన్ని మరుసటి ఏడాది అందరి ప్రీమియంలోనూ కలిపేస్తాయి. అందుకే క్లెయిమ్ చేయని మీకూ పెరుగుతోంది.

లాభానికి పరిమితి పెట్టినా చిక్కు పూర్తిగా తీరదు. అమెరికాలో 2010 నాటి చట్టం ప్రకారం వ్యక్తిగత పాలసీల ప్రీమియంలో కనీసం 80 శాతం వైద్యానికి, దాని నాణ్యతకు ఖర్చు పెట్టాలి, లేదంటే తేడా వెనక్కివ్వాలి. మంచి నిబంధనే. కానీ మొత్తం ఖర్చు పెరిగితే, కంపెనీకి మిగిలే 20 శాతం వాటా కింద వచ్చే డబ్బు కూడా పెరుగుతుంది. ఇక ఖర్చు తగ్గించాలన్న పట్టుదల కంపెనీకి ఎంత ఉంటుంది?

మీరు పాలసీ వదిలేసినంత మాత్రాన ఈ ధరలు తగ్గవు. అవే ధరల ముందు మీరు ఒంటరిగా నిలబడాల్సి వస్తుంది. పొదుపు మొదలుపెట్టిన ఏడాదే పెద్ద జబ్బు చేస్తే దాచింది ఏ మూలకీ రాదు. తర్వాత మళ్లీ పాలసీ తీసుకుందామంటే వయసు, అప్పటికే ఉన్న జబ్బులు అడ్డం రావచ్చు.

పెద్ద ఖర్చుకు పాలసీ, చిన్నవాటికి సొంత డబ్బు అన్నది నా సలహా. డిడక్టిబుల్ (కంపెనీ కట్టడం మొదలుపెట్టే ముందు మన జేబు నుంచి పెట్టుకోవాల్సిన మొత్తం) ఎక్కువగా ఉన్న పాలసీకి మారితే ప్రీమియం తగ్గుతుంది. అయితే ముందు ఆ డిడక్టిబుల్‌కి సరిపడా డబ్బు బ్యాంకులో ఉండాలి. అది కూడేవరకు మారొద్దు.

ఒక్క జాగ్రత్త. అమెరికాలో 1974 నుంచి 1982 వరకు ర్యాండ్ అనే పరిశోధన సంస్థ పెద్ద ప్రయోగం చేసింది: కొందరికి వైద్యం ఉచితం, మిగతావాళ్లు ఖర్చులో కొంత కట్టుకోవాలి. సొంత జేబు నుంచి కట్టాల్సి వచ్చినవాళ్లు వైద్యం తక్కువగా వాడారు. అనవసరమైనదే కాదు, అవసరమైనదీ దాదాపు అంతే తగ్గించుకున్నారు. బీపీ ఉన్న పేదవాళ్లకు ఉచిత వైద్యంతోనే మెరుగ్గా అదుపులోకి వచ్చింది. కాబట్టి మీ ఇంట్లో ఎవరికైనా రోజూ వేసుకునే మందులుంటే, వాటికీ చెకప్‌లకీ డబ్బు విడిగా పెట్టండి. పొదుపు పేరుతో దాన్ని ముట్టుకోకండి.